మీ స్విఫ్ట్‌తోనే ట్రాక్ డే: బండిని ఎలా తయారుచేయాలి, ఎలా నడపాలి, ఎలా ఇంటికి తెచ్చుకోవాలి

“నా దగ్గర స్విఫ్ట్ ఉంది. ట్రాక్ డేకి తీసుకెళ్లొచ్చా? ముందు ఎగ్జాస్ట్ మార్చాలా, రీమ్యాప్ చేయించాలా?” అని అడిగేవాళ్లు ఈమధ్య బాగా ఎక్కువయ్యారు. ట్రాక్ డే అంటే రేస్ ట్రాక్ మీద సొంత బండిని సెషన్ల వారీగా నడపనిచ్చే రోజు. నిక్షేపంగా తీసుకెళ్లొచ్చు. ఎగ్జాస్టూ వద్దు, ఇంజిన్ కంప్యూటర్ సెట్టింగులు మార్చే రీమ్యాపూ వద్దు. ఆ డబ్బు బ్రేకులకీ టైర్లకీ పెట్టండి. హైదరాబాద్ నుంచో విజయవాడ నుంచో వందల కిలోమీటర్లు నడుపుకుంటూ వెళ్లిన బండే మిమ్మల్ని మళ్లీ ఇంటికి చేర్చాలి. కింద చెప్పేదంతా ఆ లెక్క మీదే ఉంటుంది.

స్విఫ్టే ఎందుకంటే, తేలిక. 2018లో వచ్చిన మోడల్ పెట్రోల్ మాన్యువల్ 900 కిలోల లోపే ఉంటుంది. 1.2 లీటర్ ఇంజిన్, 83 పీఎస్. ట్రాక్ తిన్నగా ఉండే భాగంలో, అంటే స్ట్రెయిట్‌లో, పెద్ద బండ్లు సర్రున దాటిపోతాయి, పోనివ్వండి. బరువు తక్కువ కాబట్టి బ్రేకులు, టైర్లు ఎక్కువసేపు నిలుస్తాయి, విడిభాగాలు ఏ ఊళ్లోనైనా దొరుకుతాయి. పోలో, ఐ20, బలెనో ఉన్నవాళ్లకీ ఇదే పద్ధతి. టర్బో ఉన్నవాళ్లు వేడి విషయంలో ఇంకాస్త జాగ్రత్తపడాలి. ఏఎంటీ (దానంతటదే గేర్లు మార్చే బండి) అయితే మాన్యువల్ మోడ్‌లో పెట్టుకోండి, లేకపోతే మలుపు మధ్యలో దానికి తోచినట్టు గేరు మారుస్తుంది.

మన తెలుగువాళ్లకు దగ్గర్లోని పెద్ద ట్రాక్ చెన్నై పక్కన శ్రీపెరుంబుదూర్ దగ్గరి ఇరుంగాట్టుకోట్టైలో ఉంది. పొడవు 3.7 కిలోమీటర్లు. కోయంబత్తూరులోని కరి మోటార్ స్పీడ్‌వే 2.1 కిలోమీటర్ల చిన్న ట్రాక్, చిన్న బండికి భలే సరదాగా ఉంటుంది. గ్రేటర్ నోయిడాలోని బుద్ధ్ సర్క్యూట్ 5 కిలోమీటర్ల పైచిలుకు. అక్కడి పొడవాటి స్ట్రెయిట్‌లో 83 పీఎస్‌తో పోతుంటే బోరు కొడుతుంది, మొదటిసారికి అంత దూరం వెళ్లక్కర్లేదు. హైదరాబాద్ ఓఆర్ఆర్ (అవుటర్ రింగ్ రోడ్డు) మీద ప్రాక్టీస్ చేసి వెళ్దాం అనుకుంటే మాత్రం ఈ వ్యాసం మీకు కాదు.

బుక్ చేసే ముందు ఇన్సూరెన్స్ పాలసీ తీసి చదవండి. మన దేశంలో మామూలు మోటార్ పాలసీలో వాడకం మీద పరిమితులు రాసేచోట ఆర్గనైజ్డ్ రేసింగ్, స్పీడ్ టెస్టింగ్ వర్తించవని ఉంటుంది. ట్రాక్ మీద గోడకు కొడితే ఖర్చు మీ జేబులోంచే. “బంపర్ పోతే పోనీ” అని మనసు ఒప్పుకుంటేనే వెళ్లండి. లోన్ సగం కూడా తీరని కొత్త బండితో వెళ్లమని నేను ఎవరికీ చెప్పను.

కావాల్సినవి

- ఫుల్ ఫేస్ హెల్మెట్. సగం హెల్మెట్ ఒప్పుకోరు. ఏ రకం సర్టిఫికేషన్ కావాలో నిర్వాహకుల్ని ముందే అడగండి.
- పల్చటి సోల్ ఉన్న బూట్లు, ఫుల్ ప్యాంటు, ఫుల్ చేతుల కాటన్ చొక్కా. చెప్పులతో వెళ్తే గేటు దగ్గరే మాట పడాలి.
- సొంత టైర్ ప్రెజర్ గేజ్. బంకుకో గేజ్ ఒక్కో లెక్క చూపిస్తుంది. మీకు ఒకటే గేజ్ ఉండాలి, రోజంతా అదే వాడాలి.
- గాలి కొట్టే చిన్న 12 వోల్టుల పంపు.
- టార్క్ రెంచ్, మీ వీల్ నట్లకు సరిపోయే సాకెట్.
- డాట్ 4 బ్రేక్ ఆయిల్, సీల్ తీయనిది ఒక డబ్బా. మీ బండికి పడే ఇంజిన్ ఆయిల్ ఒక లీటరు. కూలెంట్.
- చక్రాల కింద పెట్టడానికి చెక్క దిమ్మలు లేదా ఇటుకలు రెండు.
- సుద్ద ముక్కలు. ఇవెందుకో 10వ స్టెప్‌లో తెలుస్తుంది.
- తాగేనీళ్లు, మజ్జిగ, ఓఆర్ఎస్ ప్యాకెట్లు. ఏసీ ఆపి, హెల్మెట్ పెట్టుకుని, చెన్నై ఎండలో కూర్చుంటారని మర్చిపోకండి.

ఇంట్లో చేయాల్సినవి

1. రెండు వారాల ముందు బండిని లిఫ్ట్ ఎక్కించండి.
బాల్ జాయింట్లు, టై రాడ్ ఎండ్లు, డ్రైవ్ షాఫ్ట్ రబ్బరు బూట్లు, ఇంజిన్ మౌంటింగులు, షాక్ అబ్జార్బర్ల లీకు మీరే దగ్గరుండి చూడండి. ముందు చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపితే టకటకమని ఆడకూడదు. ఆడితే అది బాగయ్యేదాకా ట్రాక్ ఊసే వద్దు. పని ముందు రోజుకు పెట్టుకుంటే విడిభాగం దొరక్క “ఈ ఒక్కసారికి నడిచిపోద్దిలే సార్” అనే మాట వినాల్సి వస్తుంది.

2. బ్రేక్ ఆయిల్ పూర్తిగా మార్చండి.
ఈ పని మాత్రం ఎగ్గొట్టకండి. బ్రేక్ ఆయిల్ గాల్లోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 3 కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల దాకా మరగకూడదని ప్రమాణం, తేమ పట్టాక అది 140కి పడిపోవచ్చు. డాట్ 4కి ఆ అంకెలు 230, 155. డాట్ 5.1కి 260, 180. మూడేళ్లుగా ముట్టుకోని ఆయిల్‌తో వెళ్తే గట్టిగా నాలుగైదు ల్యాపులకే (ట్రాక్ చుట్లకే) లోపల ఆవిరి బుడగలు పుట్టి పెడల్ నేలకు అంటుకుంటుంది.

డాట్ 3 పోసే బండిలో డాట్ 4 పోయొచ్చు. డాట్ 5 మాత్రం పోయకండి, అది సిలికాన్ రకం, మిగతావాటితో కలవదు. 5.1కీ దానికీ పేరులోనే దగ్గరితనం, రెండూ వేరు. షాపులో డబ్బా మీద అంకె మీ కళ్లతో చూసి తీసుకోండి.

పైన రిజర్వాయర్‌లో పాతది లాగేసి కొత్తది నింపితే మార్చినట్టు కాదు. నాలుగు చక్రాల దగ్గరా బ్లీడింగ్ చేయాలి, అంటే పైపుల్లోని పాత ఆయిల్, గాలి బయటికి తీసేయాలి. మామూలుగా మాస్టర్ సిలిండర్‌కు దూరంగా ఉన్న చక్రంతో మొదలుపెట్టి దగ్గరిదానికి వస్తారు. మీ మోడల్‌కి వేరే వరుస ఉంటే అదే పాటించండి.

ఎలా చెక్ చేసుకోవాలి: ఇంజిన్ ఆపి పెడల్ అయిదారుసార్లు తొక్కండి. గట్టిపడాలి. అలాగే నొక్కి పెట్టి ఇంజిన్ స్టార్ట్ చేస్తే కొంచెం కిందికి దిగి ఆగాలి. దిగుతూనే ఉంటే లీకు గానీ, మాస్టర్ సిలిండర్ సీల్ పోవడం గానీ జరిగినట్టు. మెత్తగా స్పాంజిలా ఉంటే గాలి మిగిలింది, మళ్లీ బ్లీడింగ్ చేయాల్సిందే.

3. బ్రేక్ ప్యాడ్లు.
సగం కంటే ఎక్కువ మందం మిగిలి ఉండాలి. మొదటిసారికి కంపెనీ ప్యాడ్లు చాలు. పెర్ఫార్మెన్స్ ప్యాడ్లు వేయిస్తే మంచిదే, కానీ పూర్తి రేసింగ్ ప్యాడ్లు వద్దు. అవి వేడెక్కితే గానీ పట్టవు, ఉదయాన్నే హైవే ఎక్కినప్పుడు మొదటి బ్రేక్‌కే గుండె ఆగుతుంది. కొత్తవి వేశాక ఖాళీ రోడ్డు మీద 60 నుంచి 20కి ఎనిమిది పదిసార్లు బ్రేక్ వేయండి. పూర్తిగా ఆపకూడదు. తర్వాత బ్రేకు ముట్టకుండా కొంతసేపు నడిపి చల్లారనివ్వండి. వెనక డ్రమ్ములు చూసి నిరాశ పడక్కర్లేదు, ముందుకు తూగే ఈ బండిలో పనంతా ముందు డిస్కులదే.

4. టైర్లు.
టైరు పక్కన ఇంగ్లిష్‌లో DOT అని ఉన్నచోట చివరి నాలుగంకెలు చూడండి. 2319 అంటే 2019లో 23వ వారం తయారైందని. అయిదేళ్లు దాటినవి, పక్కన ఉబ్బులు ఉన్నవి, కోతలు పడ్డవి పనికిరావు. చాలామంది ట్రాక్ డే కోసమని నాలుగూ కొత్తవి వేయించుకుని వస్తారు. అది దండగ. పూర్తి ట్రెడ్ (నేలకు తగిలే గాడుల భాగం) ఉన్న రోడ్డు టైరు ట్రాక్ వేడికి మెత్తబడి మెలికలు తిరుగుతుంది, ముక్కలుగా ఊడొచ్చు కూడా. పొడి ట్రాక్ మీద సగం అరిగిన మంచి టైరే మెరుగు. అయితే దారిలో వాన పడితే అదే టైరు హైవే మీద ఇబ్బంది పెడుతుంది, వర్షాకాలంలో ఈ సలహా పక్కన పెట్టండి.

చక్రాలు మార్చాలనుకునేవాళ్లకు ఒక హెచ్చరిక: 2011లో వచ్చిన స్విఫ్ట్‌కు అయిదు నట్లు, 2018 స్విఫ్ట్‌కు నాలుగు. పాత స్విఫ్ట్ అల్లాయ్‌లు కొత్తదానికి ఎక్కవు.

5. అలైన్‌మెంట్.
కంపెనీ లెక్కలకే పెట్టించండి. ముందు చక్రాల క్యాంబర్ (నిలువు నుంచి చక్రం వాలు) కొంచెం నెగెటివ్‌కి, అంటే పైభాగం లోపలికి వాలేలా, పోతే టైరు బయటి అంచు బతుకుతుంది, క్యాంబర్ బోల్టులతో అది సాధ్యమే. కానీ అది రెండోసారికో మూడోసారికో. క్యాంబర్ ముట్టుకుంటే టో (చక్రాల ముందు అంచు లోపలికో బయటికో తిరిగి ఉండడం) కూడా మారుతుంది కాబట్టి మళ్లీ అలైన్‌మెంట్ చేయించాల్సిందే.

6. బండి ఖాళీ చేయండి.
ట్రాక్ మీదికి వెళ్లే ముందు డిక్కీలోని సామాను, స్టెప్నీ, జాకీ, గొడుగు, సీటు కింద దొర్లే వాటర్ బాటిల్ అన్నీ దింపేయాలి. డ్రైవర్ వైపు ఫ్లోర్ మ్యాట్ తప్పకుండా తీయండి, అది జరిగి పెడల్ కిందికి వెళ్తే ఇక అంతే. డాష్‌బోర్డు మీద స్టిక్కరుతో అంటించిన వినాయకుణ్ని కూడా ఆ పూటకు దించి బ్యాగులో పెట్టండి, ఆయనేమీ అనుకోడు. వెనక సీటు పీకేసేంత అవసరం లేదు. ఇంటిల్లిపాదీ ఎక్కే బండి అది.

ట్రాక్ దగ్గర

7. పొద్దున్నే చేరండి, నియమాలు చెప్పే బ్రీఫింగ్ ఎగ్గొట్టకండి.
జెండాలు మాత్రం నోటికి వచ్చి ఉండాలి. పసుపు అంటే ముందు ప్రమాదం ఉంది, నెమ్మదించాలి, ఎవర్నీ దాటకూడదు. ఎరుపు అంటే సెషన్ ఆపేశారు, నెమ్మదిగా పిట్‌లోకి (ట్రాక్ పక్కన బండ్లు ఆపే చోటుకి) రావాలి. నీలం అంటే వెనక మీకంటే వేగమైన బండి ఉంది. నలుపు మీకే చూపిస్తే పిట్‌లోకి రమ్మని. గళ్ల జెండా సెషన్ అయిపోయిందని. దాటడం ఎక్కడ, ఎటువైపు అన్నది నిర్వాహకులు చెప్తారు. స్విఫ్ట్‌లో మీరు ఎక్కువగా దాటించుకునేవాళ్లే కాబట్టి అది శ్రద్ధగా వినండి. మీ లైను మార్చకుండా, స్ట్రెయిట్‌లో కాస్త యాక్సిలరేటర్ తగ్గించి, చేత్తో సైగ చేస్తే చాలు.

ఇంజిన్ ఆయిల్ డిప్‌స్టిక్ మీద పై గీత దగ్గర ఉండాలి. పొడవాటి మలుపుల్లో ఆయిల్ ఒకవైపుకు తోసుకుపోతుంది, తక్కువ ఉంటే పంపుకు అందదు. అలాగని గీత దాటేలా పోయకూడదు. పెట్రోల్ సగం ట్యాంకు. పావు కంటే తగ్గితే మలుపులో ఇంజిన్ తడబడొచ్చు. ట్రాక్ మీద మైలేజీ రోడ్డు మీద వచ్చేదాంట్లో మూడో వంతుకు పడిపోయినా ఆశ్చర్యపోకండి, బంకు ఎక్కడుందో ముందే చూసుకోండి. వీల్ నట్లు టార్క్ రెంచ్‌తో మాన్యువల్లో రాసినంత బిగించండి. పానా మీద ఎక్కి తొక్కే పద్ధతి వద్దు.

సీటు దగ్గరికి జరుపుకోండి. వీపు సీటుకు ఆన్చి చేయి చాపితే మణికట్టు స్టీరింగ్ పైభాగానికి తగలాలి, క్లచ్ పూర్తిగా తొక్కినా మోకాలు కొంచెం వంగే ఉండాలి. మనలో చాలామంది దూరంగా వాలి కూర్చుంటారు. అలా కూర్చుంటే మలుపులో స్టీరింగ్ పట్టుకుని వేలాడతారు గానీ తిప్పలేరు.

8. మొదటి సెషన్‌లో టైము చూడకండి.
ఒక ల్యాపు నెమ్మదిగా, మూడు నాలుగు ల్యాపులు మీ పూర్తి శక్తిలో పదింట ఏడు వంతులతో, చివరి ల్యాపు బ్రేకు దాదాపు ముట్టకుండా చల్లార్చుకుంటూ. ఏసీ ఆఫ్. చక్రాలు లాక్ కాకుండా, బండి జారకుండా చూసే ఏబీఎస్, ఈఎస్పీ ఉంటే ఆన్‌లోనే ఉండనివ్వండి. టెంపరేచర్ మీటర్ లేని మోడల్ అయితే ఎర్ర లైటు వెలిగేదాకా సంగతి తెలీదు, అందుకే బండి కంప్యూటర్ లెక్కలు చూపించే ఓబీడీ పోర్టుకు పెట్టే చిన్న బ్లూటూత్ డాంగుల్ కొనుక్కోవడం మంచిది. కూలెంట్ 105 డిగ్రీలు దాటుతుంటే వేగం తగ్గించండి. అయినా పెరుగుతుంటే హీటర్ పూర్తిగా ఆన్ చేసి పిట్‌లోకి రండి. ఉడికిపోతారు గానీ హెడ్ గ్యాస్కెట్ దక్కుతుంది.

9. ఫ్రంట్ వీల్ డ్రైవ్‌ను ఎలా తిప్పాలి.
ముందు టైర్లే బ్రేకు పట్టాలి, తిరగాలి, లాగాలి. మూడూ ఒకేసారి అడిగితే ఒకటీ చేయవు. అందుకే పనులు విడగొట్టండి.

బండి నేరుగా పోతున్నప్పుడే బ్రేకు వేయండి, మలుపులోకి తిరిగే సరికి చాలావరకు వదిలేసి ఉండాలి. మీకు సరిపోతుంది అనిపించిన వేగం కంటే కొంచెం తగ్గించి తిప్పండి. లోపలి అంచును కాస్త ఆలస్యంగా తాకండి. స్టీరింగ్ విప్పుతూ ఉన్నకొద్దీ యాక్సిలరేటర్ పెంచండి. చేతులు ఇంకా తిప్పే ఉన్నప్పుడు పూర్తిగా తొక్కితే లోపలి వైపు ముందు చక్రం ఊరికే తిరుగుతూ కీచుమంటుంది. ఆ చప్పుడు వినిపిస్తే మీరు తొందరపడ్డారని అర్థం. దానికి మందు ఓపికే, ఖరీదైన డిఫరెన్షియల్ కాదు.

స్టీరింగ్ తిప్పినా బండి తిరగకుండా నేరుగా పోతుంటే దాన్ని అండర్‌స్టీర్ అంటారు. కొత్తవాళ్లందరూ ఇక్కడ ఇంకా ఎక్కువ తిప్పుతారు. దాంతో జారుతున్న టైరు మరింత జారుతుంది. చేయాల్సింది రివర్స్: యాక్సిలరేటర్ మెల్లగా తగ్గించండి, స్టీరింగ్ కొంచెం వదులు చేయండి, టైరు పట్టు దొరికాక మళ్లీ తిప్పండి. మెల్లగా అన్నమాట గుర్తుపెట్టుకోండి. వేగమైన మలుపు మధ్యలో భయపడి కాలు ఠక్కున ఎత్తేస్తే బరువంతా ముందుకు పడి, వెనక తేలికై, బండి తోక తిప్పేస్తుంది. చిన్న హ్యాచ్‌బ్యాకులు గింగిరాలు కొట్టేది ఎక్కువగా ఇలాగే.

వెనక జారడం మొదలైతే చూపు మీరు వెళ్లాల్సిన చోటే ఉంచండి, జారిన వైపుకే స్టీరింగ్ తిప్పండి, బ్రేకు తొక్కకుండా కొద్దిగా యాక్సిలరేటర్ ఇవ్వండి. ముందు చక్రాలే బండిని లాగి సరిచేస్తాయి. అప్పటికే సగం తిరిగిపోయి ఉంటే ఇక దిద్దుబాటు వద్దు. క్లచ్, బ్రేకు రెండూ గట్టిగా తొక్కి బండి ఆగేదాకా పట్టుకోండి.

రెండు చక్రాలు ట్రాక్ బయట మట్టిలోకి దిగితే వెంటనే స్టీరింగ్ కోసి పైకి ఎక్కించకండి. నేరుగా పోనిచ్చి, వేగం తగ్గాక, వెనకెవరూ లేరని చూసుకుని ఎక్కండి. ఎడమ కాలితో బ్రేకు, హీల్ అండ్ టో (ఒకే కాలితో బ్రేకు, యాక్సిలరేటర్ తొక్కడం) లాంటివి వీడియోల్లో బాగుంటాయి. మొదటి రోజు వాటి జోలికి పోకండి.

10. పిట్‌లోకి రాగానే.
హ్యాండ్‌బ్రేక్ వేయకండి. వేడి మీదున్న డ్రమ్ములు అలాగే బిగుసుకోవచ్చు. ఇంజిన్ ఒకట్రెండు నిమిషాలు ఐడ్లింగ్‌లో ఉంచి ఆపండి, గేర్‌లో పెట్టి చక్రాల కింద దిమ్మలు పెట్టండి.

వెంటనే గేజ్ తీసి నాలుగు టైర్లూ చూడండి. ఉదయం డోర్ స్టిక్కర్ మీద రాసినంత పెట్టి ఉంటే ముందు టైర్లు ఇప్పుడు 4 నుంచి 6 పీఎస్ఐ పెరిగి ఉంటాయి. రోడ్డు టైర్లకు వేడిమీద 35–37 దగ్గర మొదలుపెట్టి చూడండి. ఎంత ఉంచాలన్నది సుద్ద చెప్తుంది. సెషన్‌కు వెళ్లే ముందు ట్రెడ్ అంచు నుంచి టైరు పక్క గోడ మీదికి అడ్డంగా మూడు చోట్ల మందంగా గీత గీయండి. తిరిగొచ్చాక ట్రెడ్ అంచు దాకా చెరిగి, పక్క గోడ మీద తెల్లగా మిగిలితే గాలి సరిగ్గా ఉన్నట్టు. పక్క గోడ మీద కూడా చెరిగిపోతే టైరు మడతపడి నడుస్తోంది, 2 పీఎస్ఐ పెంచండి. ట్రెడ్ మీదే అంచున సుద్ద మిగిలిపోతే ఎక్కువైంది, తగ్గించండి. పెంచినా పక్క గోడ చెరుగుతూనే ఉంటే గాలిది కాదు తప్పు, మీరు మలుపులోకి మరీ వేగంగా దూకుతున్నారు.

సవ్యదిశలో తిరిగే ట్రాక్‌లో ముందు ఎడమ టైరు అన్నిటికంటే ముందు అరుగుతుంది. దాని బయటి అంచును చేత్తో తడిమి చూడండి. మధ్యాహ్నానికే అంచు గరగరలాడుతూ ఊడుతుంటే ముందు వెనక మార్చుకోండి. మొదటి సెషన్ తర్వాత, చక్రాలు చల్లారాక, నట్లు మరోసారి చూడాలి.

11. బ్రేకు తేడా చేస్తే.
పెడల్ ఎలా ఉందో చూస్తే రోగం తెలిసిపోతుంది. పెడల్ గట్టిగానే ఉంది, ఎంత తొక్కినా బండి ఆగట్లేదు, కాలిన వాసన వస్తోంది అంటే ప్యాడ్లు మితిమీరి వేడెక్కాయి. రెండు ల్యాపులు నెమ్మదిగా తిరిగితే చాలావరకు తేరుకుంటాయి. పెడల్ మెత్తబడి లోతుకు పోతోంది, రెండు మూడుసార్లు పంపు చేస్తే గానీ రావట్లేదు అంటే ఆయిల్ మరిగింది. ఇది చల్లారితే గట్టిపడినట్టు అనిపిస్తుంది, అక్కడే మోసపోతారు. ఒకసారి మరిగిన ఆయిల్‌ను నమ్మొద్దు. మీరు తెచ్చుకున్న డబ్బాతో బ్లీడింగ్ చేశాకే మళ్లీ ట్రాక్ ఎక్కండి. చేసే వీలు లేకపోతే ఆ రోజుకు ఆపేయండి.

12. మెరుగవుతున్నామని ఎలా తెలుస్తుంది?
మూడో సెషన్ నుంచి ఫోన్‌లో ల్యాప్ టైమర్ ఆన్ చేసుకోవచ్చు, ఫోన్ మాత్రం ఊడిపోని చోట ఉండాలి, దాన్ని చూస్తూ నడపకూడదు. వరసగా వచ్చిన మూడు నాలుగు ల్యాపుల మధ్య తేడా చూడండి. తేడా సెకను లోపు ఉంటే మీరు చేస్తున్నది మీకు తెలుసు. ఒక ల్యాపు మెరుపులా వచ్చి తర్వాతది నాలుగు సెకన్లు ఎక్కువైతే ఆ మెరుపు అదృష్టం. టైము తగ్గుతూ టైరు అరుపు కూడా తగ్గుతుంటే సరైన దారిలో ఉన్నట్టు. అరుపు పెరిగి టైము అక్కడే ఉంటే ముందు టైర్లను ఊరికే అరగదీస్తున్నారు.

13. హైవే ఎక్కే ముందు.
చివరి సెషన్ మీద ఆశ వదిలేసుకోవడమే మేలు. అలసిపోయినా ఒప్పుకోబుద్ధి కాని సమయం అది. బండిని గంటసేపు చల్లారనిచ్చి, ఈలోపు మీరూ నీడన కూర్చుని ఏదైనా తినండి.

తర్వాత వరసగా: వేడి మీద తగ్గించిన గాలి చల్లారాక ఇంకా తగ్గి ఉంటుంది, నాలుగు టైర్లకూ స్టిక్కర్ మీద రాసినంత కొట్టండి. ఇది మర్చిపోయి హైవే ఎక్కేవాళ్లు చాలామంది, తక్కువ గాలితో వంద మీద పోతే టైరు పేలొచ్చు. టైరులో ఎక్కడైనా తీగలు కనిపిస్తే అది స్టెప్నీకి కూడా పనికిరాదు. డిప్‌స్టిక్, కూలెంట్ స్థాయి, కింద చుక్కలు కారుతున్నాయా, ప్యాడ్ ఎంత మిగిలింది చూడండి. స్టెప్నీ, జాకీ తిరిగి ఎక్కించండి. ఖాళీ స్థలంలో 40 వేగంతో రెండుసార్లు గట్టిగా బ్రేకు వేసి, బండి పక్కకు లాగకుండా ఆగుతోందని నిర్ధారించుకోండి. హైదరాబాద్ దాకా రాత్రికి రాత్రే రావాలని పట్టుబట్టకుండా నెల్లూరులో ఎక్కడైనా గది తీసుకుని పడుకోండి.

ఊరికి వచ్చిన వారంలో బ్రేకులు మళ్లీ బ్లీడింగ్ చేయించి, అలైన్‌మెంట్ చూపించి, ఇంజిన్ ఆయిల్ గడువు రాకపోయినా మార్పించండి. బిల్లులన్నీ ఒక కాగితం మీద కూడితే, ఇంకో ట్రాక్ డేకి ఎంత పక్కన పెట్టుకోవాలో తెలుస్తుంది.